మంచం పక్కన పూలకుండీ

"సిస్టర్, ఈ కుండీ బయట పెట్టెయ్యమంటారా? రాత్రిపూట చెట్లు చెడుగాలి వదులుతాయంటారు గదా!" అని రోగి బంధువులు మమ్మల్ని అడుగుతుంటారు. చింతచెట్టు కింద రాత్రి పడుకోవద్దని పెద్దలు చెప్పింది కూడా ఇందుకేనని కొందరి నమ్మకం.

మొక్క కూడా మనలాగే పగలూ రాత్రీ శ్వాసిస్తుంది. ఆక్సిజన్ తీసుకొని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మనకు ఊపిరితిత్తులుంటే, దాని ఆకులకు కంటికి కనిపించని సన్నని పత్రరంధ్రాలున్నాయి. అయితే వెలుతురులో ఆకు ఇంకో పని కూడా చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌తో, నీటితో ఆహారం తయారుచేసుకొని ఆక్సిజన్‌ను బయటికి వదులుతుంది. ఇదే కిరణజన్య సంయోగక్రియ. కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మను కొన్నాళ్లు ఉంచితే, ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలుగుతుందని 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ గమనించాడు. ఇందుకు వెలుతురు కావాలనీ, చీకట్లో మొక్కలు గాలిని పాడుచేస్తాయనీ 1779లో ఇంగెన్‌హౌజ్ అనే వైద్యుడు రాశాడు.

పాడుచేసే మాట నిజమే. కానీ ఎంత? ఊరికే పడుకున్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. చిన్న కుండీలోని మొక్క రాత్రంతా వాడుకొనేది మనకు కొద్ది నిమిషాలకు చాలదు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమైతే, మనం వదిలే ఊపిరిలో అది సుమారు 4 శాతం, అంటే వంద రెట్లు. కుండీని బయట పెట్టించి, చలిగాలి తగులుతుందని కిటికీలన్నీ బిగించి, రోగి చుట్టూ అయిదారుగురు పడుకొనే ఇళ్లు మాకు తెలుసు. అక్కడ గాలిని పాడుచేసేది మొక్క కాదు, మనమే. పైగా ఒకరి దగ్గు, జలుబు, క్షయ మరొకరికి అంటుకోవడానికి మూసిన గదే అనుకూలం.

ఇంతకన్నా భయపడవలసింది కుంపటికి. బాలింత గదిలో నిప్పులు పెట్టి తలుపులు మూస్తారు. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. కుంపటి ఉన్న గదిలో ఎవరికైనా తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే తల్లీబిడ్డలను, మిగిలిన వారిని వెంటనే ఆరుబయటికి తెచ్చి ఆసుపత్రికి తీసుకురండి.

అలాగని కుండీ గదిగాలిని శుభ్రం చేస్తుందనీ అనుకోకండి. ఆ పని కిటికీది. ఉబ్బసం ఉండి పుప్పొడి పడనివారికి, క్యాన్సర్ మందులతో రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం కుండీని దూరంగా ఉంచండి. అది మట్టిలోని బూజు వల్ల, పూల పుప్పొడి వల్ల. రాత్రి అది వదిలే గాలి వల్ల కాదు.