రైతుబిడ్డకు వడ్డీ లెక్క ఇంటిలోనే నేర్పుట

గత వేసవిలో నేనొక గ్రామమున సహకార సంఘ సభ్యులకు విత్తనశుద్ధి చేయు పద్ధతిని చూపుచుంటిని. పని ముగిసిన పిదప రైతులందఱు వేపచెట్టు క్రింద కూర్చుండి అప్పుల ప్రసంగము తెచ్చిరి. అంతలో తండ్రి ప్రక్కన నిలిచియున్న పదునైదేండ్ల బాలుడొకడు ముందునకు వచ్చి, "అయ్యగారూ, సంఘమువారు ఏడు వడ్డీ తీసికొందురట. మా ఊరి షావుకారు రెండు రూపాయల వడ్డీకే యిచ్చును. మా నాయన సంఘము చుట్టు ఎందుకు తిరుగవలెను?" అని యడిగెను. అందఱును పకపక నవ్విరి. నవ్వినవారిలో నొక పెద్దమనిషిని, ఆ రెండునకు ఈ ఏడునకు గల భేదము పిల్లవానికి మీరే చెప్పుడని కోరితిని. ఆయన నవ్వు మాని తలపాగ సవరించుకొనెను.

భేదము చెప్పుట కష్టము కాదు. షావుకారు చెప్పు రెండు రూపాయలు నూటికి నెల వడ్డీ. అనగా సంవత్సరమునకు 24 రూపాయలు. సంఘము చెప్పు ఏడు, నూటికి సంవత్సరపు వడ్డీ. అందును పంట ఋణమును గడువులోపల చెల్లించిన సభ్యునకు, నిర్ణీత పరిమితి వఱకు, కేంద్ర ప్రభుత్వపు రాయితీ 3 పోగా నికరముగా పడునది 4 మాత్రమే. ఒకరు నెల లెక్కను, మఱియొకరు ఏడాది లెక్కను చెప్పుటచే చిన్న అంకె చవుకగాను, పెద్ద అంకె ప్రియముగాను తోచుచున్నది. ఆ బాలుడు పదవ తరగతి చదువుచున్నాడు. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు బడిలో చేసియే యున్నాడు. బడిలోని వడ్డీకిని, ఇంటిలోని వడ్డీకిని చుట్టరికము కలదని మాత్రము వానికెవ్వరును చెప్పలేదు. తప్పు వానిది కాదు.

ఈ చుట్టరికమును తెలుపుటకు పలకయు బలపమును అక్కఱలేదు. వామనగుంటల పీట చాలును. పీట లేనియెడల నేలమీద గుంటలు తీసికొనుడు. పీటకు గుంటలు పదునాలుగు గదా! చింతగింజలు నూఱు లెక్కించి పిల్లవాని ముందు కుప్పవోయుడు. ఇది అసలు. ఇక ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క నెల పేరు చెప్పుచు, చైత్రమనియో జనవరి అనియో మీ యిష్టము, గుంటకు రెండేసి గింజలు వేయింపుడు. పండ్రెండు గుంటలు నిండును. మిగిలిన రెండు గుంటలలో ఒకదాన ఏడు గింజలు, రెండవదాన నాలుగు గింజలు వేయింపుడు. ఏడు సంఘపు వడ్డీ; నాలుగు గడువులోపల చెల్లించినవాని వడ్డీ. ఇప్పుడు పండ్రెండు గుంటలను ఊడ్చి లెక్కింపుమనుడు. ఇరువదినాలుగు గింజలు ఒక చేతిలోను, నాలుగు గింజలు రెండవ చేతిలోను పట్టుకొన్న పిల్లవానికి మీరిక ఏమియు బోధింపనక్కఱలేదు. ఎనిమిదేండ్ల పిల్లయు దీనిని గ్రహించుట నేను చూచితిని. మా యింటిలో మా చిన్నమ్మాయి మొదటిసారి ఈ ఆట ఆడినప్పుడు, "నాయనా, ఈ గింజలన్నియు ఎవరు తెచ్చి యిత్తురు?" అని యడిగినది. ఎరువు ధరలకు సమాధానము చెప్పగల నేను దీనికి కొంచెము తడుముకొంటిని.

కొంచెము పెద్ద పిల్లలకు నోటు తిరుగవ్రాయుట యన నేమో చూపవలెను. ప్రామిసరీ నోటునకు చట్టప్రకారము కాలపరిమితి మూడేండ్లు. అందుచే మూడేండ్లు కావచ్చుచున్నదనగా షావుకారు వచ్చి, అసలును వడ్డీయు కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనును. ఇదివఱకు వడ్డీగా నున్నది ఆ దినమునుండి అసలగును. నూఱు గింజలకు మూడు రూపాయల వడ్డీ చొప్పున మూడేండ్లకు 108 గింజలు వడ్డీ. క్రొత్త నోటు 208 గింజలకు. మఱి మూడేండ్లకు ఒక్క గింజయు చెల్లింపకున్న ఆ నోటు 432 గింజలు దాటును. ఇంటిలో నున్న చింతగింజలు చాలవు. చాలకపోవుటయే ఈ పాఠములోని సారము. బడి పుస్తకములో చక్రవడ్డీ యన్నది ఇదియే. ఊరిలో మాత్రము దానికి ఆ పేరు లేదు. నోటు మార్చుట యందురు, అంతే.

ఈ విషయమున నేనింత పట్టుదలగా వ్రాయుటకు కారణము కలదు. నేను మిషను పాఠశాల వసతిగృహమున నుండి చదువుకొన్నవాడను. మాకచ్చట ప్రతి విద్యార్థియు తన చేతి ఖర్చుల చిట్టా వ్రాసి శనివారము నాడు చూపవలెను. వడ్డీ లెక్కలలో నాకు నూటికి నూఱు మార్కులు వచ్చెడివి. అదే కాలమున, అనగా 1992లో, మా తండ్రిగారు బోరుబావి కొఱకు 10,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిరి. బోరులో నీరు పడలేదు. ఆ నోటు సంగతి ఇంటిలో మఱియెవ్వరికిని తెలియదు. పిల్లలకు అప్పుమాట చెప్పిన చదువు చెడునని ఆయన తలంపు. మిరపకాయ అమ్మిన యేడు 3,000, మఱుసటి యేడు 4,000 చెల్లించిరట. చెల్లించినట్లు నోటు వెనుక చెల్లు వ్రాయింపలేదు, రశీదు తీసికొనలేదు. 1995లో వారికి పక్షవాతము వచ్చి మాట పడిపోయెను. నెల తిరుగకుండ అప్పిచ్చినవాడు నోటుతో వచ్చి 20,800 రూపాయలు కోరెను. నోటు వెనుకప్రక్క తెల్లగా నుండెను. మా అమ్మ, డబ్బు ఇంటినుండి పోవుట చూచితిననెను. ఎంత పోయెనో చెప్పలేకపోయెను. మా తండ్రి మంచముమీదనుండి ఏడు వ్రేళ్లు చూపుచుండిరి. ఆ వ్రేళ్ల యర్థము మాకు తెలియుటకు చాల దినములు పట్టెను. తెలిసిన తరువాతను ప్రయోజనము లేకపోయెను. ఎడ్లజతయు, మా అమ్మ గొలుసును అమ్మి అప్పు తీర్చితిమి. బడిలో నూఱు మార్కులు తెచ్చుకొన్న కొడుకు ఒక్కసారి ఆ కాగితమును త్రిప్పి చూచియున్న యెడల, నాయనా, వెనుక ఏమియు వ్రాయలేదేమి అని యడిగియుండును గదా! ఆ యవకాశము నాకు చిక్కలేదు.

కావున సోదరులారా, ఇంటి అప్పును పిల్లలకు దాచకుడు. ఏడెనిమిదేండ్లవారిని అప్పుమాటలతో బెదరింపుమని నేను చెప్పుట లేదు. పండ్రెండేండ్లు దాటినవారికి, కొడుకైనను కూతురైనను, ఇంటిలో ఏ కాగితము ఏ పెట్టెలో నున్నది, ఎవరికెంత ఈయవలెను, గడువెప్పుడు అను సంగతులు తెలిసియుండవలెను. నెలకొక్కసారి రాత్రి భోజనమైన పిదప సంఘపు పాసుపుస్తకమును, రశీదులను, నోటు నకళ్లను దీపము దగ్గఱ పెట్టి పెద్దపిల్లచే చదివింపుడు. మనలో కొందఱకు చదువు రాదు, వచ్చినను చత్వారము. చదివి వినిపించు పిల్లకు గౌరవము, మనకు సౌకర్యము. సంఘమునకు కిస్తీ కట్టుటకు పోవునప్పుడును వారిని వెంటగొనిపోయి, రశీదుమీది అంకెను వారిచేతనే సరిచూపింపుడు. చెల్లు వ్రాయించుట ఋణదాతకును నష్టము కాదని పిల్లలకు తెలియవలెను. గడువులోపల కొంత చెల్లించి, బాకీదారుడు తన చేవ్రాలుతో చెల్లు వేసిన, ఆ తేదీనుండి నోటునకు మరల మూడేండ్ల కాలము వచ్చును. అట్లుండియు చెల్లు వేయనీయని ఋణదాత విషయమున జాగ్రత్తగా నుండవలెను.

అప్పు లెక్క తెలిసినంత మాత్రమున చాలదు, రాబడి లెక్కయు చేతితో చేసి నేర్వవలెను. దీనికి నాకు తెలిసినంతలో కోడిపెట్టను మించిన గురువు లేదు. పదేండ్ల పిల్లకు ఒక నాటుకోడిపెట్టను ఒప్పగింపుడు. ఉచితముగా ఈయకుడు. సంతలో దాని వెల యెంతో అంత "అమ్మకు బాకీ" అని పుస్తకములో మొదటి పంక్తి వ్రాయింపుడు. పొదుగుటకు పెట్టిన గ్రుడ్లెన్ని, ఇరువదియొకటవ దినమున పిల్లలెన్ని లేచెను, గద్ద యెన్ని తన్నుకొనిపోయెను, కొక్కెర తెగులునకు టీకా చుక్కలు వేయించుటకు ఏమి ఖర్చయ్యెను, అన్నియు వ్రాయవలెను. పండ్రెండు గ్రుడ్లకు తొమ్మిది పిల్లలు లేచి, వానిలో ఆఱు మిగిలిన మంచిదే. పోయిన మూడింటిని తండ్రి కొని నింపరాదు. గద్ద చేసిన నష్టమును మీరు భరించినచో పిల్ల మఱుసటి కాపునకు గంప మూయుట నేర్చుకొనదు.

ఇందులో పిల్లలు తప్పక చేయు పొరపాటొకటి యున్నది. ఇంటిలోని నూకలు, తవుడు వేసి పెంచి, వానికి వెల కట్టరు. కొన్నవి కావు గదా యందురు. పుంజులను అమ్మిన డబ్బంతయు లాభమని గంతులు వేయుదురు. అప్పుడు తల్లి నూకల వెలను చెప్పి ఖర్చులో వ్రాయింపవలెను. లాభము సగమగును, పిల్ల ముఖము చిన్నబోవును. చిన్నబోనిండు. ఈ పొరపాటు పిల్లలది మాత్రమే అనుకొనవలదు. పదియెకరముల రైతు ఇంటి పెంటను, ఇంటిల్లిపాది కూలిని లెక్కలో చేర్పక, ఈయేడు మిరపలో ఇంత మిగిలెనని నాకు చెప్పుచుండును. నేను ప్రదర్శన క్షేత్రముల ఖర్చు పట్టికలు వ్రాయునప్పుడు ఈ గడియే ఎప్పుడును ఖాళీగా నుండును.

పెట్ట వెల తల్లికి తీర్చిన పిమ్మట మిగిలినది పిల్లదే. దానిని మట్టి హుండీలో వేసికొనును. ఇక్కడ తండ్రులకొక మాట చెప్పవలసియున్నది. ఎరువు బస్తాకు రెండువందలు తక్కువయ్యెనని పిల్లవాని హుండీ పగులగొట్టినవారు మనలో లేరా? అవసరము వచ్చును, కాదనను. అట్టి యెడల పిల్లవానిని అడిగి తీసికొనుడు, చీటి వ్రాసి యిండు, తేదీ వేయుడు, చెప్పిన దినముననే వడ్డీతో తిరిగి యిండు. తండ్రి తనకు బాకీపడి మాట ప్రకారము తీర్చుట చూచిన బిడ్డకు గడువన నేమో తెలియును. తీర్పకున్నచో తెలియునది మఱియొకటి. అదియు వాడు జీవితాంతము మఱువడు.

హుండీలో డబ్బు పెరిగిన పిదప దానిని ఖాతాలో వేయింపుడు. పదేండ్లు నిండిన మైనరు తన పేరిట తపాలా కార్యాలయమున సేవింగ్సు ఖాతా తెఱచి తానే నడుపుకొనవచ్చును. బ్యాంకులయందును అట్టి పిల్లలకు తమంత తాము ఖాతా నడుపుకొను వీలును 2014లో రిజర్వు బ్యాంకు కల్పించినది. డబ్బు కట్టు కాగితమును పిల్లచేతనే నింపింపుడు. ఒకటి రెండు కాగితములు పాడైనను కొంపలు మునుగవు.

పొదుపు మాట వచ్చినది కావున చెప్పుచున్నాను. మన దేశమున సహకార పరపతి సంఘములకు మొదటి చట్టము 1904లో వచ్చినది. ఆ చట్టము తన యుద్దేశమును చెప్పుచు మొదట పేర్కొన్నది పొదుపు. తరువాత స్వయంసహాయము, సహకారము. మనము అప్పును గట్టిగా పట్టుకొని పొదుపును వదలివేసితిమి. ఈ విషయమున స్త్రీలే మనకంటె మేలు. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరుగబడిన తరువాత, ఆ జిల్లా స్త్రీలు దినమునకు రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపు సంఘములు పెట్టుకొనిరి. నేడు ఇంచుమించు ప్రతి యూరను అట్టి సంఘములున్నవి. మీ యింటి ఇల్లాలు సంఘపు పుస్తకము వ్రాయుచున్నచో కూతురును ప్రక్కన కూర్చుండబెట్టుకొనుమని చెప్పుడు. కొడుకును కూడ.

సంత బేరము, అంగడి చిల్లర మన పిల్లలకు ఎట్లును వచ్చును, వానినిగూర్చి వ్రాయను. మార్కెటు యార్డులో సరకు అమ్మినప్పుడు ఇచ్చు తక్‌పట్టీని మాత్రము పెద్ద పిల్లలచే చదివింపుడు. తూకము, ధర, హమాలీ, కమీషను, అడ్వాన్సు క్రింద పట్టుకొన్నది, చేతికి వచ్చినది, వీనిని వారు ఇంటివద్ద మరల కూడి తీసివేసి చూడవలెను.

మఱి ఫోను సంగతి. నేడు పైకము ఫోనులో వచ్చిపోవుచున్నది. ఇంటిలో ఆ విద్య పిల్లలకే తెలియును. కాబట్టి వారికొక్కటి గట్టిగా చెప్పుడు: మనము పైకము పంపుటకే రహస్యసంఖ్య నొక్కవలెను, పుచ్చుకొనుటకు నొక్కనక్కఱలేదు. డబ్బు పంపుచున్నాము, సంఖ్య నొక్కుడని యెవడైన చెప్పిన వాడు దొంగ. ఫోనులో నిమిషములోపల అప్పిచ్చెదమను వారి వడ్డీని గూడ వామనగుంటలలో వేసి చూడుమనుడు. వారము లెక్కన చెప్పు వడ్డీకి పండ్రెండు గుంటలు చాలవు.

ఆ వేపచెట్టు క్రింది బాలుని మాట మిగిలినది. ఆనాడే నేలమీద గుంటలు తీసి గింజలు వేయించితిని. రెండు నెలల తరువాత మరల ఆ యూరికి పోగా తండ్రీకొడుకులు నాయొద్దకు వచ్చిరి. ఆటయైన రాత్రియే కొడుకు, మన నోటేదని యడిగెనట. తండ్రి పెట్టెలోనుండి నోటు నకలు తీసి చూపెనట. మూడు మాఱులు చెల్లించియు ఒక్కమాఱును అసలు నోటు వెనుక వ్రాయింపలేదని అప్పుడు బయటపడెను. మఱునాడు కొడుకును వెంటబెట్టుకొని షావుకారు వద్దకు పోయిరి. రెండు చెల్లులు నోటు వెనుక వ్రాయబడెను. మూడవదానిని ఆయన యొప్పుకొనలేదు. రాబోవు పంటకు సంఘమున ఋణము కొఱకు దరఖాస్తు పెట్టుకొన్నామని తండ్రి చెప్పెను. దరఖాస్తు కొడుకే నింపెనట.