నల్లా వంటింట్లో, చప్పుడు బాపమ్మ గదిలో

చలికాలం సెలవులకు జమ్మికుంట పోయినప్పుడు మా బాపమ్మ రెండు సంగతులు చెప్పింది. ఒకటి, తెల్లారుజామున ఆమె మంచం పక్క గోడలో ‘ధడ్’మని చప్పుడు వస్తుంది. స్టేషన్ ఉన్న ఊరు కాబట్టి మొదట్లో గూడ్స్ బండి అనుకుందట. రెండోది చెప్పేటప్పుడు ఆమె గొంతులో భయం ఉంది. “షవర్ కింద నిలవడితే ఉన్నట్టుండి నీళ్లు చురుక్కుమంటున్నయ్ బిడ్డా. పక్కకు జరిగేలోపే వీపు కాల్తాంది.” మోకాళ్ల నొప్పులతో బకెట్ ముందు కూర్చోలేకపోతోందనే రెండేళ్ల కింద షవర్ పెట్టించినం. ఇప్పుడు దానికే భయపడి స్నానం రోజు మార్చి రోజు చేస్తోంది.

“గీజర్ ఖరాబైంది, కొత్తది కొందాం” అన్నాను నేను. “ముందుగాల చూడు, తర్వాత కొందాం” అన్నాడు బాపు.

రెండు రోజులు చూశాను. పత్తి సీజన్ కాబట్టి బాపు ఐదింటికే మార్కెట్‌కు పోతాడు, అమ్మ చాయ్ గిన్నెలు కడుగుతుంది. వంటింటి నల్లా తిప్పగానే బాత్రూంలో షవర్ వేడెక్కుతోంది. నల్లా కట్టెయ్యగానే గోడలో ‘ధడ్’. అంటే బాపమ్మ బాధలు రెండూ వంటింటి నుంచే వస్తున్నాయి.

ముందు చప్పుడు సంగతి

పైపులో పరుగెడుతున్న నీళ్లకు బరువుంది, వేగం ఉంది. నల్లాను ఒక్కసారిగా మూస్తే ఆ పరుగు మొత్తం ఒత్తిడిగా మారి, అలలాగా వెనక్కి ట్యాంకీ వైపు పోతుంది. దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి సరఫరా పైపుల మీద ప్రయోగాలు చేసి 1898లో దీని లెక్క చెప్పాడు. నీటి సాంద్రత, ఆగిపోయిన వేగం, పైపులో అల పోయే వేగం, ఈ మూడింటినీ గుణిస్తే పెరిగిన ఒత్తిడి వస్తుంది.

అల వేగం ఇనుప పైపులో సెకనుకు 1,200 మీటర్ల పైన ఉంటుంది. ప్లాస్టిక్ పైపు కొంచెం సాగుతుంది కాబట్టి సుమారు 400 అనుకుందాం. సెకనుకు 1 మీటరు వేగంతో పోయే నీళ్లు టక్కున ఆగితే 4 బార్ల ఒత్తిడి లేస్తుంది. మా ట్యాంకీ నల్లాకు 6 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు మామూలుగా ఉండే ఒత్తిడి 0.6 బార్ మాత్రమే!

మాది పావు తిప్పుడుతో మూసుకునే లివర్ నల్లా. చెయ్యి నిదానంగానే తిప్పినా, ధార ఎక్కువగా తెగేది చివరి కొంచెంలోనే. దానికి తోడు బాపమ్మ గది గోడ బయట పైపును పట్టుకునే క్లాంపులు రెండు ఊడిపోయాయి. దెబ్బ తగిలినప్పుడల్లా పైపు పోయి గోడకు కొట్టుకుంటోంది.

అన్ని చప్పుళ్లూ ఇదే అనుకోవద్దు. నల్లా విప్పి ఉన్నప్పుడు గుర్రుమంటే లోపల వాషర్ వదులైందేమో చూడాలి. వేడినీళ్లు వచ్చినప్పుడు మాత్రమే టిక్ టిక్‌మంటే పైపు వేడికి సాగి క్లాంపుకు రాసుకుంటున్నట్టు.

ఇక షవర్

గీజర్ ఆపేసి, 10 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. చన్నీళ్ల వైపు మాత్రమే విప్పితే 1 నిమిషం 50 సెకన్లలో నిండింది. వంటింటి నల్లా కూడా విప్పితే 3 నిమిషాల 40 సెకన్లు పట్టింది. వేడినీళ్ల వైపు మాత్రం 2:10 నుంచి 2:15కి మారింది, అంతే.

పైపు వెంట నడిస్తే కారణం దొరికింది. ట్యాంకీ నుంచి దిగిన పైపులో గీజర్‌కు దారి పైనే చీలింది. షవర్‌కు పోయే చన్నీళ్లు మాత్రం వంటింటికి పోయే అరంగుళం పైపు నుంచి వస్తున్నాయి. అక్కడ నల్లా తిప్పితే ఇక్కడ చన్నీళ్లు సగమవుతాయి, వేడివి అట్లనే ఉంటాయి.

లెక్క చూడండి. గీజర్ 65 డిగ్రీలు, చన్నీళ్లు 25. నిమిషానికి 3 లీటర్ల వేడివి, 5 లీటర్ల చల్లవి కలిస్తే 40 డిగ్రీలు, హాయిగా ఉంటుంది. చల్లవి రెండున్నర లీటర్లకు పడిపోతే దాదాపు 47. ముసలివాళ్ల పల్చని చర్మానికి అది చాలా ఎక్కువ. అదే గీజర్‌ను 50కి తగ్గించి, మళ్లీ 40కి కలుపుకున్నామనుకోండి. చన్నీళ్లు సగమైనా 44 దాటదు.

ఏం చేసినం

ఆ రోజే గీజర్ థర్మోస్టాట్ 50కి తగ్గించాం. రెండో రోజు ప్లంబర్ వచ్చి, గీజర్ దారి చీలిన చోటు నుంచే షవర్ చన్నీళ్లకు ముప్పావు అంగుళం పైపు విడిగా వేశాడు. వంటింటి పైపు కూడా ముప్పావుకు మార్చాడు. అరంగుళం కంటే దీని లోపలి వైశాల్యం సుమారు రెండింతలు. అన్నే నీళ్లు సగం వేగంతో పోతాయి, ఆగినప్పుడు దెబ్బా సగమే. ఊడిన క్లాంపుల చోట రబ్బరు ఉన్నవి బిగించాడు. సగం రోజు పని. కొత్త గీజర్ కొనలేదు.

మీ ఇంట్లో ఇట్లాంటిది ఉంటే మొదట బకెట్ పరీక్ష చెయ్యండి. గీజర్ జోలికి పోయే ముందు దాని ఎంసీబీ దించండి. దాని సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని ఎప్పుడూ బిగించి మూసెయ్యొద్దు. లోపల పెరిగిన ఒత్తిడి బయటికి పోయే దారి అదే.

మొన్న ఫోన్ చేస్తే, బాపమ్మ రోజూ షవర్ కిందే స్నానం చేస్తోందని అమ్మ చెప్పింది. ఇప్పటికీ ముందు చెయ్యి పెట్టి చూసే లోపలికి పోతుందట. నేను కూడా అట్లనే చెయ్యమన్నాను.