మీ కుక్కపిల్లకు దోస్తులు కావాలి: సోషలైజేషన్, ఆటలు, వాటికి పనికొచ్చే గాడ్జెట్లు

ఈసారి రివ్యూ టేబుల్ మీద ఫోన్ లేదు, టేబుల్ కింద కుక్క ఉంది. పేరు చిట్టి. మాది నల్గొండ, దానిదీ నల్గొండే. పానగల్ వైపు రోడ్డు పక్కన పుట్టిన ఇండీ. రోబో సినిమా చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టానో చెప్పక్కర్లేదు.

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్న ఫ్రెండ్స్ నన్ను మొదట అడిగేది "ఏ ట్రాకర్ కొనాలి, ఏ కెమెరా పెట్టాలి" అనే. అవీ చెప్తాను. కానీ ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ప్రతి కుక్కపిల్లకూ ఒక టైమర్ నడుస్తుంటుంది. మీరు దాన్ని ఇంటికి తెచ్చేలోపే అది స్టార్ట్ అయిపోయి ఉంటుంది.

మూడో వారం నుంచి మొదలు

అమెరికాలోని బార్ హార్బర్‌లో జాక్సన్ లేబొరేటరీ అని ఒకటుంది. అక్కడ జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు సైంటిస్టులు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి, గమనించి, 1965లో పెద్ద పుస్తకం రాశారు. వాళ్లు తేల్చింది ఏంటంటే, సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు కుక్కపిల్ల మెదడు "ఇది మనది, ఇది మామూలే" అని రాసుకుంటూ పోతుంది. మనుషులు, వేరే కుక్కలు, బండి హారన్, గొడుగు, హెల్మెట్, ఏదైనా సరే. ఆ టైంలో చూడనివన్నీ తర్వాత భయపెట్టే లిస్టులోకి వెళ్లే ఛాన్స్ ఎక్కువ. 1961లో వచ్చిన ఇంకో ప్రయోగంలో కొన్ని పిల్లల్ని 14 వారాల దాకా మనుషులకు దూరంగా, చుట్టూ కంచె ఉన్న పొలంలో పెంచారు. అవి తర్వాత మనుషుల్ని చూస్తే దగ్గరికి రాలేదు, మచ్చిక చేద్దామన్నా కుదరలేదు.

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోకండి. పాలమూరులో గొల్ల కురుమలకు ఈ సంగతి ల్యాబ్ లేకుండానే తెలుసు. మందతో తిరిగే కుక్కను పిల్లగా ఉన్నప్పుడే గొర్రెల మధ్య వదుల్తారు. గొర్రెపిల్లల పక్కనే పడుకుని, ఆ వాసనలోనే పెరుగుతుంది. అందుకే పెద్దయ్యాక మందను తరమదు, మంద మీదికొచ్చేదాన్ని తరుముతుంది. అదే జాతి కుక్కను ఏడాది వయసులో తెచ్చి మందలో వదిలి చూడండి, గొర్రెలు చెల్లాచెదురే. జాతి మారలేదు, మారింది టైమింగ్ ఒక్కటే.

ఇప్పుడు లెక్క వేసుకోండి. మన దేశంలో 2017 కుక్కల బ్రీడింగ్ రూల్స్ ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే పిల్ల మీ చేతికొచ్చేసరికి ఆ టైమర్‌లో మిగిలేది నాలుగైదు వారాలే. ఇంట్లోనే ఉంచి "పెద్దయ్యాక బయటికి తీసుకెళ్దాంలే" అనుకుంటే ఆ వారాలు అయిపోతాయి.

మరి పార్వో సంగతేంటి? ఇది నిజమైన చిక్కు. టీకాలు పూర్తికాని పిల్లను వేరే కుక్కలు మలం వేసే చోట నేల మీద దింపకూడదు, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే రకం. టీకాల సిరీస్ 6-8 వారాల వయసులో మొదలై 16 వారాల దాకా సాగుతుంది. అది పూర్తయ్యేదాకా ఆగితే సోషలైజేషన్ టైం దాటిపోతుంది. అందుకే మొదటి డోస్ పడ్డ వారం తర్వాత నుంచి జాగ్రత్తగా మొదలుపెట్టొచ్చని జంతు ప్రవర్తన మీద పనిచేసే వెటర్నరీ డాక్టర్లు చెప్తారు. నేను చిట్టిని చేసింది ఇదే: ఒళ్లో పెట్టుకుని సాయంత్రం క్లాక్ టవర్ సెంటర్‌లో పావుగంట కూర్చోవడం. ఆటోలు, మిర్చి బండి, బురఖాలు, గొంగడి కప్పుకున్న తాత, బడి నుంచి వచ్చే పిల్లలు, అన్నీ చూసింది. నేల మీద కాలు పెట్టలేదు. "అన్నా, మీ కుక్క కరుస్తదా?" అని అడిగిన ప్రతి పిల్లగాడి చేతిలో ఒక చిన్న రొట్టె ముక్క పెట్టి దానికి తినిపించమన్నాను. ఇంటికొచ్చే టీకాలు పడిన, శాంతంగా ఉండే కుక్కలతో మాత్రం నేల మీదే ఆడనిచ్చాను.

వీధి కుక్కలు అంటే మీ కుక్క పక్కింటివాళ్లు

హైదరాబాద్‌లో 2018లో కొండాపూర్‌లో డాగ్ పార్క్ తెరిచారు. మనకు అది వంద కిలోమీటర్లు. నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ మీ కుక్క గడప దాటితే ముందు కలిసేది వీధి కుక్కలే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రిపూట దాదాపు 20 వీధి కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. తర్వాతి నెలలో పోలీసులు ముగ్గురిని అరెస్ట్ చేశారు. అంతకుముందు అక్కడి వీధి కుక్కలు ఒక పెంపుడు కుక్క మీద పడి చంపాయని, ఆ పగతోనే ఇది జరిగిందని చెప్పారు. మొదట ఒక పెంపుడు కుక్క పోయింది, తర్వాత ఊరి కుక్కలు ఇరవై పోయాయి.

అందుకే మీ వీధి గుంపుతో మీ కుక్కకు పరిచయం మీరే చేయించాలి. రోజూ ఒకే టైంకి, ఒకే దారిలో నడవండి. గుంపుకు ఎదురుగా నేరుగా వెళ్లకుండా రోడ్డుకు ఇవతలి పక్క నుంచి పక్కపక్కగా నడవండి. తాడు బిగబట్టకండి. తాడు బిగిస్తే మీ కుక్క మెడ, ఛాతీ పైకి లేస్తాయి, అవతలి వాటికి అది సవాల్ చేసినట్టు కనబడుతుంది. మీ కుక్క పక్కనుండగా వీధి కుక్కలకు తిండి వేయొద్దు, అక్కడే కొట్లాట. ఒక చెవి కొన మీద చిన్న గాటు కనిపిస్తే ఆ కుక్కకు ఆపరేషన్ అయిందని గుర్తు, సాధారణంగా రేబిస్ టీకా కూడా అప్పుడే వేస్తారు. మొదటి దోస్తీ అలాంటిదానితో మొదలుపెట్టండి.

ఆటా, కొట్లాటా? స్లో మోషన్‌లో చూడండి

ఇక్కడ మీ ఫోన్ నిజంగా పనికొస్తుంది. కుక్కల ఆట మామూలు కంటికి అందనంత ఫాస్ట్. 240 ఎఫ్‌పీఎస్‌లో తీస్తే ఒక్క సెకను ఎనిమిది సెకన్లవుతుంది. అప్పుడు కనిపిస్తాయి: ముందు కాళ్లు చాపి, వెనక భాగం పైకెత్తే భంగిమ (ఆడుకుందాం రా అని అర్థం), వదులుగా ఊగే ఒళ్లు, కాసేపు ఇది తరిమితే కాసేపు అది తరమడం, బలమైన కుక్క కావాలనే కింద పడి పొర్లడం. ఇవి ఉంటే ఆటే, గుర్రుమన్నా సరే. ఒళ్లు కర్రలా బిగుసుకుని, నోరు మూసుకుని, ఒకటే ఎప్పుడూ తరుముతూ ఇంకోటి తోక ముడిచి దారి వెతుకుతుంటే ఆట కాదు. డౌట్ ఉంటే తరిమే కుక్కను పట్టుకుని ఆపండి. రెండోది తిరిగి దగ్గరికొస్తే దానికీ ఇష్టమే. పారిపోతే అక్కడితో ఆపేయండి. చిట్టి, మా పక్క వీధి ల్యాబ్ ఆడుకున్న వీడియోను ఇలా చూశాకే, ల్యాబ్ పళ్లు కనబడినా ఒక్కసారి కూడా కొరకలేదని నాకు అర్థమైంది.

కొనేవి, కొనకూడనివి

లేజర్ పాయింటర్ వద్దు. చేతికి చిక్కని వెలుగు వెంట పరిగెత్తీ పరిగెత్తీ కొన్ని కుక్కలు నీడల్ని, ఫోన్ స్క్రీన్ రిఫ్లెక్షన్‌ని కూడా వెంటాడే జబ్బులో పడతాయి. ఎర్ర బంతి కూడా అంత మంచి ఐడియా కాదు. కుక్కలకు నీలం, పసుపు బాగా కనిపిస్తాయి, పచ్చగడ్డిలో ఎరుపు కలిసిపోతుంది. "డాగ్ విజిల్" యాప్‌ల మీద టైం వేస్ట్. కుక్కలు దాదాపు 45 కిలోహెర్ట్జ్ వరకు వింటాయి, కానీ 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో ప్లే అయ్యే ఆడియో 24 దాటి వెళ్లలేదు. పైగా ఫోన్ స్పీకర్ అక్కడిదాకా కూడా రాదు.

ఎయిర్‌ట్యాగ్ గురించి చాలామంది అడుగుతారు. దాంట్లో జీపీఎస్ లేదు. దగ్గర్లో వేరేవాళ్ల ఐఫోన్ ఉంటేనే లొకేషన్ తెలుస్తుంది. నల్గొండ బస్టాండ్‌లో ఓకే, తండా దాటి చెలకల్లోకి పరిగెత్తితే దాని పని అయిపోయినట్టే. బయట వదిలే కుక్కైతే సిమ్ ఉన్న జీపీఎస్ కాలర్ తీసుకోండి, ఛార్జింగ్ తరచూ పెట్టాల్సి వచ్చినా. ఎయిర్‌ట్యాగ్‌లోని నాణెం బ్యాటరీని కుక్క మింగితే ప్రాణానికే ప్రమాదం, హోల్డర్ గట్టిగా ఉండాలి.

పెట్ కెమెరాకు డబ్బులు పెట్టొద్దు. డ్రాయర్లో పడున్న పాత ఫోన్‌లో సెక్యూరిటీ కెమెరా యాప్ వేసి గది మూలన పెట్టండి. మీరు తలుపేసుకుని వెళ్లిన మొదటి అరగంట చూడండి. తలుపు గీకడం, ఆగకుండా అరవడం, చొంగ కార్చడం కనిపిస్తే దానికి ఒంటరితనం భయం, అల్లరి కాదు. తిట్టకండి, రెండు నిమిషాల నుంచి మొదలుపెట్టి మెల్లగా అలవాటు చేయండి. మా ఇంట్లో రివ్యూ ఫోన్ల డబ్బాలకు కొదవ లేదు కాబట్టి వెళ్లేముందు పది డబ్బాల్లో నాలుగింట్లో జొన్నరొట్టె ముక్కలు దాస్తాను. ప్లాస్టిక్ కవర్లు, పిన్నులు, సిలికా ప్యాకెట్లు తీసేశాకే.

ఎండాకాలం ఆటలు పొద్దున ఏడులోపు అయిపోవాలి. 43 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. రోడ్డు మీద అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు పెట్టలేకపోతే కుక్కను దింపొద్దు.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో తప్పనిసరి. ఏటా జూలై 6న, 1885లో పాశ్చర్ తన టీకాను మొదటిసారి ఒక పిల్లాడికి వేసిన రోజున, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఆటలో ఎవరికైనా పన్ను గీసుకున్నా సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

చివరగా దీపావళి. పండక్కి రెండు నెలల ముందే పటాకుల రికార్డింగ్ పెట్టండి, ఫోన్‌లో కాదు, బ్లూటూత్ స్పీకర్‌లో. ఫోన్ స్పీకర్‌కు ఆ 'ధన్' మనే బేస్ ఉండదు, కుక్కను భయపెట్టేది అదే. మొదటి వారం వాల్యూమ్ 10 శాతం, కుక్క తినడం ఆపకుండా ఉంటేనే పెంచండి. తినడం ఆపిందంటే రెండు మెట్లు వెనక్కి రండి. చిట్టి ప్రస్తుతం 35 శాతం దగ్గర ఉంది, బతుకమ్మ డీజే దాకా ఇంకా రాలేదు.