బ్యాటరీలో చెక్క చేసిన మేలు

కారు బ్యాటరీ గురించి పరీక్షలో అడిగితే మన విద్యార్థులు సీసం, లెడ్ డయాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ అని గబగబా రాసేస్తారు. ప్లేట్ల మధ్య ఉండే సెపరేటర్ ఊసు ఎవరూ ఎత్తరు. కరెంటు పుట్టించేది అది కాదు గదా అని ధీమా. అందుకే దాని కథ నాలుగు ముక్కల్లో చెబుతాను.

ధన, ఋణ ప్లేట్లు ఒకదానికొకటి తగిలితే షార్టే. అలాగని పూర్తిగా గోడ కట్టేస్తే ఆసిడ్‌లోని అయాన్లు కదలలేవు. అంటే ఎలక్ట్రాన్లకు తలుపు మూసి, అయాన్లకు తెరిచి ఉంచాలన్నమాట! 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి చుట్టగా చుట్టాడు. 1912లో క్యాడిలాక్ కారుకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. స్టార్టరుకు కొద్ది క్షణాల్లో భారీ కరెంటు కావాలి. సెపరేటర్ పల్చగా ఉండి, ప్లేట్లు దగ్గరగా ఉంటే తప్ప లోపలి నిరోధం తగ్గదు. 13 ప్లేట్ల సెల్‌లో 12 సెపరేటర్లు; మూడు సెల్స్ ఉన్న 6 వోల్టుల బ్యాటరీలో 36. ఒక్కటి చిల్లిపడినా ఆ సెల్ పోయినట్టే.

ఆ రోజుల్లో సెపరేటర్ అంటే పల్చటి చెక్కే. అమెరికాలో సెడార్, డగ్లస్ ఫర్ కలపలు వాడేవారు. పచ్చి కలపలోంచి వచ్చే ఎసిటిక్ ఆసిడ్ సీసాన్ని తినేస్తుంది కాబట్టి ముందు క్షారంలో నానబెట్టి శుద్ధి చేసేవారు. ఎండితే పగులుతుంది గనుక తడిగానే ఉంచేవారు. ఒక వైపు నున్నగా, రెండో వైపు నిలువు గాడులతో చెక్కి, గాడుల వైపును ధన ప్లేటుకు పెట్టేవారు. ఎందుకని? డిశ్చార్జిలో నీరు పుట్టేది అక్కడే. కాబట్టి తాజా ఆసిడ్ ఎక్కువ కావలసిందీ అక్కడే. పైగా లెడ్ డయాక్సైడ్ కలపను ఆక్సీకరించి చివికిస్తుంది. ప్లేటు నుంచి రాలిన పొడి కూడా గాడుల వెంట జారి అడుగున మడ్డిగా చేరుతుంది.

చెక్క చివికిపోతోందని రబ్బరు మీదికి దృష్టి మళ్ళింది. విల్లార్డ్ కంపెనీ రబ్బరు షీటులో వేలకొద్దీ నూలు దారాలు గుచ్చి, వాటి గుండా ఆసిడ్ ఇంకేలా చేసింది. తర్వాత సూక్ష్మరంధ్రాల రబ్బరు వచ్చింది. సెపరేటర్ మన్నిక పెరిగింది. కాని చెక్క తీసేసిన బ్యాటరీలు చలిలో నీరసించాయి!

కారణం వెతికితే తేలిందేమిటంటే, చెక్కలోని లిగ్నిన్ కొద్దికొద్దిగా ఆసిడ్‌లోకి ఊరి ఋణ ప్లేటుకు చేరేది. అక్కడ స్పాంజి సీసం ముద్దకట్టకుండా, లెడ్ సల్ఫేటు దట్టమైన పొరగా కప్పేయకుండా కాపాడేది. అడ్డుగోడ అనుకున్నది మందు కూడా వేస్తోందన్నమాట!

ఇప్పుడు చాలా కారు బ్యాటరీల్లో ప్లేటుకు పాలిథిలీన్ సంచీ తొడుగుతున్నారు. చెక్క పోయింది. అయితే కలప నుంచి తీసిన లిగ్నోసల్ఫోనేట్‌ను ఋణ ప్లేటు పేస్టులో ఈనాటికీ కలుపుతున్నారు. ఏ యంత్రంలోనైనా ఒక భాగాన్ని మార్చబోయేటప్పుడు, అది చేస్తున్న పనులన్నీ మన పుస్తకంలో ఉన్నాయా అని ఒక్కసారి అడిగి చూడండి.