చలిలో బండి ప్రయాణం: వేళ్లు తెల్లబడుతుంటే

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. ఉండేది బౌరంపేట్‌లో. షామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర ఫార్మా కంపెనీలో ఉద్యోగం. మార్నింగ్ షిఫ్టుకు తెల్లారకముందే బండి తీయాలి. ఇగం ముదిరినప్పటి నుంచి మేడ్చల్ చేరేసరికే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రెండు మూడు వేళ్లయితే సున్నం పూసినట్టు తెల్లబడుతున్నాయి. సంక్రాంతి సెలవుల్లో స్నేహితులతో కలిసి బైకుల మీద లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, బౌరంపేట్

జవాబు: మీరు రాసిన వాటిలో నేను ముందుగా పట్టించుకునేది వేళ్లు తెల్లబడటం. చలికి చేతులు మొద్దుబారడం ఎవరికైనా ఉండేదే. కానీ వేలు ఒక హద్దు వరకు పాలిపోయి, ఆ తర్వాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడి మంట పుడుతుంటే దాన్ని రేనాడ్స్ అంటాం. వేళ్లలోని సన్నని రక్తనాళాలు చలికి అతిగా బిగుసుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. చాలామందికి దీనివల్ల పెద్ద ప్రమాదం ఉండదు. అయితే ముప్పై దాటాక కొత్తగా మొదలైనా, ఒక చేతికే వస్తున్నా, వేలి కొసల్లో పుండ్లు పడినా పరీక్షలు చేయించుకోవాలి. లూపస్, స్క్లెరోడెర్మా లాంటి జబ్బులు కొందరిలో ఇలాగే బయటపడతాయి. మీ వయసును బట్టి చూస్తే మీరు ఒకసారి డాక్టర్‌కు చూపించుకోవడం అవసరం.

బీడీ, సిగరెట్ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈరోజే మానేయండి. బర్జర్స్ అనే జబ్బు పొగ తాగే యువకుల కాళ్లూ చేతుల రక్తనాళాలను మూసేస్తుంది. పొగ మానకపోతే వేళ్లు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. బీపీకో మైగ్రేన్‌కో ప్రొప్రనలాల్, అటెనలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. సొంతంగా మాత్రం ఆపకండి.

హ్యాండిల్ అదురు కూడా తోడవుతుంది. అమెరికాలోని ఇండియానాలో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే కార్మికుల వేళ్లు చలి ఉదయాల్లో ఇలాగే తెల్లబడుతున్నాయని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లో గుర్తించారు. బండి అదురు అంత తీవ్రంగా ఉండదు కాబట్టి భయపడనక్కర్లేదు. గ్రిప్‌ను బిగబట్టకుండా వదులుగా పట్టుకోండి.

ఇక చలి విషయం. శివార్లలో ఖాళీ స్థలాలు, చెరువులు ఎక్కువ. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లారిపోతుంది. అందుకే నగరం నడిబొడ్డు కంటే మీ దగ్గర చలి ఎక్కువ. 10 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే చర్మానికి అది 5 డిగ్రీల చలే. గాలి వీచేకొద్దీ నీళ్లు ఎంత త్వరగా గడ్డకడతాయో అంటార్కిటికాలో కొలిచి, ఈ లెక్కకు దారి వేసినవారు సైపుల్, ప్యాసెల్. ఆ ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. కాబట్టి మీరు ఆపాల్సింది గాలిని. ఊలు స్వెట్టర్ ఒక్కటే వేసుకుంటే గాలి అందులోంచి దూసుకుపోతుంది. దానిపైన రెయిన్‌కోటు వేసుకోండి. జర్కిన్ లోపల ఛాతీకి అడ్డంగా న్యూస్‌పేపర్ పెట్టుకునే పాత అలవాటు నిజంగా పనిచేస్తుంది. ఒళ్లు చల్లబడితే శరీరం ముందుగా చేతులకే రక్తం తగ్గిస్తుంది. అందుకే ఛాతీ, మెడ వెచ్చగా ఉంటేనే వేళ్లూ వెచ్చగా ఉంటాయి. గ్లౌజులు బిగుతుగా ఉండకూడదు. కొనేముందు వాటితో బ్రేక్ పట్టి చూడండి. మొద్దుబారిన వేళ్లకు బ్రేక్ అందడం ఆలస్యమవుతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. స్పర్శ లేని చేతులను ఇంజిన్ దగ్గర కాచుకోవద్దు, కాలినా తెలియదు. చంకల్లో పెట్టుకోండి.

లంబసింగి చలి వేరు. మనది పొడి చలి. చింతపల్లి మండలంలోని ఆ ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఒక్కో ఏడాది తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. పైగా మంచు బట్టల్ని తడిపేస్తుంది. తడిసిన కాటన్ ఒంట్లో వేడిని లాగేస్తుంది. నీరు పట్టని గ్లౌజులు, మార్చుకోవడానికి ఇంకో జత తీసుకెళ్లండి. రాత్రంతా బండి నడిపి ఘాట్ ఎక్కొద్దు. కింద నర్సీపట్నంలో పడుకుని, వెలుతురు వచ్చాక బయల్దేరండి. మందు తాగితే చలి ఆగదు. చర్మానికి రక్తం పారి వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి పోతుంది. పుండ్లు లేకుండా, డాక్టర్ సరేనంటే నిరభ్యంతరంగా వెళ్లిరండి.

ప్రశ్న: చల్లగాలిలో బండి నడిపితే మూతి వంకరపోతుందని మా అత్తమ్మ భయపెడుతోంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: గాలే కారణమని గట్టిగా చెప్పే ఆధారం లేదు. నరంలో నిద్రాణంగా ఉన్న వైరస్ మళ్లీ లేవడమే ముఖ్య కారణమని అనుకుంటున్నాం. అయినా ముఖం ఒకవైపు జారితే చిట్కాలతో రోజులు గడపొద్దు. 72 గంటల్లోపు స్టెరాయిడ్ మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. కన్ను మూతపడకపోతే ఎండిపోకుండా చుక్కలు వేయాలి. చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు, పిల్లికూతలు వస్తాయి. బడికి స్కూటీ మీద ముందు నిలబెట్టి తీసుకెళ్తున్నాను.
– ఒక తల్లి, షామీర్‌పేట

జవాబు: ముందు నిలబెడితే చల్లగాలి, దుమ్ము నేరుగా బాబు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. నాలుగేళ్లలోపు పిల్లలకు హార్నెస్, హెల్మెట్ తప్పనిసరి, వేగం 40 దాటకూడదని కేంద్ర నిబంధన ఉంది. వీలైతే చలి తగ్గేవరకు ఆటోలో పంపండి. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తోనే వాడండి. ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.