ఖరగ్‌పూర్‌లో మనసు విప్పి మాట్లాడాలంటే

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ‘సైకో’ అనగానే గుర్తొచ్చేది పరీక్ష. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి మిగతా పరీక్షలు గట్టెక్కాక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పెట్టేదాన్ని మనవాళ్ళు ఇప్పటికీ సైకో టెస్టు అనే అంటారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దూరాల అంచనా లాంటి అయిదు విభాగాల్లో ఒక్కోదాంట్లో కనీసం 42 స్కోరు రాకపోతే ఇక ఇంటికే. అంత కష్టపడి సంపాదించుకున్న ఉద్యోగంలో పదేళ్ళు గడిచాక నిద్ర పట్టక, గుండె దడతో లేచి కూర్చుంటూ, చిన్నదానికీ పిల్లల మీద కేకలేస్తున్న మనిషితో ‘ఒకసారి సైకాలజిస్టుని కలవండి’ అంటే అతని చెవికి వినిపించేది వేరు. అన్‌ఫిట్ చేస్తారు, లైను మీంచి దించేస్తారు.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. కౌన్సెలర్‌తో మాట్లాడటం వేరు, మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళడం వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పటి లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే అందులో ఉన్నాయి. ఒకవేళ జబ్బు ముదిరి ఆ పనికి పనికిరాకపోయినా, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ మీకు అండగా ఉంటుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతం స్కేలులో మరో పనికి మార్చాలి. మానసిక అనారోగ్యం కూడా ఆ చట్టం గుర్తించిన వైకల్యాల్లో ఉంది. బండి దిగితే కిలోమీటరేజీ అలవెన్సు పోతుందన్న దిగులు నిజమైనదే, నేను కాదనను. కానీ అక్కడిదాకా రాకుండా ఆపగలిగేది తొందరగా వెళ్ళడమే.

రన్నింగ్ స్టాఫ్‌కీ, స్టేషన్ మాస్టర్లకీ, పాయింట్స్‌మన్లకీ ఒక మాట గట్టిగా చెప్పాలి. డాక్టరు మందు రాస్తుంటే ‘నేను బండి నడుపుతాను, రాత్రి డ్యూటీలుంటాయి’ అని మీరే నోరు తెరిచి చెప్పండి. మానసిక చికిత్సలో వాడే మందుల్లో కొన్నిటివల్ల మగత వస్తుంది. రైల్వే డాక్టరుకి తెలియకుండా బయట తెచ్చుకున్న మాత్ర మింగి ఇంజిన్ ఎక్కడమంత ప్రమాదం ఇంకొకటి లేదు, మీకూ, మీ వెనకున్న పెట్టెలన్నిటికీ.

ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులివ్వరు, మాటలతో చికిత్స చేస్తారు. వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం చాలామంది పెట్టుకుంటారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకున్నారు అని అడగడం తప్పు కాదు, అడిగితే చిరాకుపడేవాళ్ళ దగ్గర ఆగకండి. నిద్ర, ఆకలి పూర్తిగా దెబ్బతిన్నా, లేని మాటలు వినిపిస్తున్నా, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని ఇంట్లో ఎవరైనా అంటున్నా ముందు సైకియాట్రిస్టే. రైల్వే ఆసుపత్రిలో మొదలుపెట్టొచ్చు, లేదా కాస్త దూరంలోనే మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఉంది.

ఇంతవరకూ ఏ ఊళ్ళోవాళ్ళకైనా చెప్పే మాటలే. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి అసలు చిక్కు భాషతో వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో, యార్డులో చేరినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడిక్కడ ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చినప్పుడు నిమ్‌పురాలో, మథురాకాఠీలో పొంగిపోని ఇల్లు ఉండదు. అయినా తలుపు తట్టగానే తెలుగులో పలికే థెరపిస్టు పక్క వీధిలో దొరకడం కష్టమే. ‘నాకు బెంగగా ఉంది’ అని అమ్మ అంటే అందులో దిగులూ, కొడుకు మీద మమకారమూ, ఊరి గాలి మీద మనసూ కలిసుంటాయి. దాన్ని హిందీలోకి మార్చి చెప్పేసరికి మిగిలేది ‘టెన్షన్’ ఒక్కటే. ‘గాలి సోకిందేమో’ అని ఆమె అన్నప్పుడు ఎగతాళి చేయకుండా వినాలంటే ఆ మాట పుట్టిన ఇల్లు ఎలాంటిదో ఎదుటి మనిషికి తెలిసి ఉండాలి.

ఇంట్లో ఇద్దరికి రెండు జవాబులు ఉండొచ్చు. అమ్మకి తెలుగు తప్పనిసరి. హిందీ, బెంగాలీ మాట్లాడుతూ పెరిగి, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని కొడుక్కి తెలుగు థెరపిస్టు అంత అవసరం కాకపోవచ్చు. ఒక చిన్న పరీక్ష చెబుతాను. కోపం బాగా ముంచుకొచ్చినప్పుడు మీ నోటి నుంచి ఏ భాష వస్తుంది? ఆ భాష తెలిసిన మనిషిని వెతకండి. కొడుక్కి ఖరగ్‌పూర్‌లోనో కోల్‌కతాలోనో ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి దొరుకుతాడు. అమ్మకి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్ళు కావాలి, అందుకే ఆన్‌లైన్.

ఆన్‌లైన్ థెరపీని చిన్నచూపు చూడనవసరం లేదు. మామూలు స్థాయి దిగులుకీ ఆందోళనకీ వీడియోలో చేసే మాటల చికిత్స బాగానే పనిచేస్తుందని పరిశోధనలు చూపించాయి. డాక్టర్లు ఫోన్లో, వీడియోలో వైద్యం చేయడానికి 2020 మార్చిలోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. మత్తు కలిగించే కొన్ని మందులు మాత్రం అలా రాయడానికి ఆ నిబంధనలు ఒప్పుకోవు. ఇక డ్యూటీ రోస్టర్ సంగతి. లింకు ఎప్పుడు మారుతుందో, కాల్ ఎప్పుడొస్తుందో తెలియని మనిషికి ప్రతి మంగళవారం సాయంత్రం ఆరింటికి క్లినిక్‌లో ఉండమంటే అది సాగదు. రెస్టు రోజు చూసుకుని రెండు రోజుల ముందు టైము మార్చుకోవడానికి ఒప్పుకుంటారా, కాల్ వచ్చి రద్దయితే ఫీజు పోతుందా అని మొదటి ఫోన్లోనే తేల్చుకోండి. ఆరోగ్య బీమా ఉంటే ఇలాంటి ఫీజు వస్తుందో లేదో కూడా అడగండి. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి.

కానీ ఫోను సరిపోని సందర్భాలున్నాయి, వాటిలో మొహమాటం వద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, వేరే లోకంలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంటే నేరుగా ఆసుపత్రికే. రోజూ తాగే మనిషి మానాలనుకుంటే అదీ ఆసుపత్రిలోనే. ఏళ్ళ తరబడి తాగి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో భార్య పట్టుదలతో సీసా పగలగొట్టిన రాత్రే ఇది జరిగే ప్రమాదం ఉంది. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే, ఫోను చూసే మనిషి ఉంటే ఆన్‌లైన్ సంభాషణే మీకు ముప్పు తేవచ్చు.

ఆ మాటకొస్తే క్వార్టరులో గోడలు పలచన. రెండు గదుల్లో ఆరుగురు ఉన్నచోట అత్తగారి గురించి చెప్పుకోవడం ఎలా? భర్త డ్యూటీకి, పిల్లలు స్కూలుకి వెళ్ళాక ఉండే రెండు గంటలు చాలామంది ఇల్లాళ్ళకి దొరికే ఏకాంతం. ఇయర్‌ఫోన్ పెట్టుకుని తలుపు దగ్గరికి వేసుకుంటే చాలు. మగవాళ్ళు మైదానం అంచున స్కూటరు ఆపుకుని మాట్లాడొచ్చు. రన్నింగ్ రూమ్ నుంచి మాత్రం వద్దు, అక్కడ నిద్రే ముఖ్యం, పక్క మంచం మీద తోటి ఉద్యోగి ఉంటాడు.

ఎక్కడా దారి దొరక్కపోతే 14416 నంబరు గుర్తుంచుకోండి. అది టెలీ-మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, భాష ఎంచుకునే వీలుంది, తెలుగూ వాటిలో ఒకటి. అది రోజూ జరిగే థెరపీ కాదు, కానీ అర్ధరాత్రి ఒక మనిషి గొంతు వినడానికీ, తర్వాత ఎటు వెళ్ళాలో అడగడానికీ పనికొస్తుంది.

నాకు నచ్చే పద్ధతి ఎదురుగా కలవడాన్నీ ఆన్‌లైన్‌నీ కలపడం. సంక్రాంతికో పెళ్ళికో పాస్ తీసుకుని ఊరికి వెళ్ళినప్పుడు విశాఖలో దిగి ఎవరినైనా ఒకసారి ఎదురుగా కలవండి. చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ప్రైవేటు వాళ్ళూ ఉన్నారు. ముఖం చూసి, గొంతు విని నమ్మకం కుదిరితే ఖరగ్‌పూర్ వచ్చాక వీడియోలో కొనసాగించండి. మూడు నాలుగుసార్లు మాట్లాడాక కూడా మీ మాట వాళ్ళకి అందడం లేదనిపిస్తే ఆ సంగతి వాళ్ళతోనే చెప్పండి. మంచి థెరపిస్టు నొచ్చుకోరు, మీకు సరిపోయే ఇంకొకరి పేరు వాళ్ళే చెబుతారు.