మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. కొత్తగా పెళ్లైంది. బీఈడీ పూర్తయ్యేదాకా పిల్లలు వద్దనుకున్నాం. ఆశా అక్క మాలా-ఎన్ ప్యాకెట్ ఇచ్చింది. తొలి కాన్పు కాకుండా మాత్రలు మింగితే గర్భసంచి పాడై ఇక పిల్లలే పుట్టరని మా అత్తయ్య అంటోంది. నిజమేనా? మధ్యలో మర్చిపోతే ఎలా?
- ఓ సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: నిజం కాదమ్మా. ఈ మాత్రల్లోని హార్మోన్లు ముఖ్యంగా అండం విడుదల కాకుండా ఆపుతాయి. గర్భసంచిని పాడుచేయవు. మానేశాక చాలామందికి కొద్ది నెలల్లోనే నెలసరి గాడిన పడుతుంది, గర్భమూ వస్తుంది. ఈ మాట అత్తయ్యగారికీ చెప్పండి. ఆవిడ భయం మీ మీద ప్రేమతోనే.

జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోండి. బీపీ ఎక్కువున్నా, కళ్ల ముందు మెరుపులు కనిపించి తలనొప్పి వస్తున్నా, రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ జబ్బు ఉన్నా ఇవి వద్దు. టీబీకి, మూర్ఛకు మందులు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. వాటిలో కొన్ని ఈ మాత్రల పనితనాన్ని తగ్గిస్తాయి.

ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి హార్మోన్లవి, మిగతా 7 ఐరన్‌వి. నెలసరి మొదలైన అయిదు రోజుల్లోపు తొలి మాత్ర వేసుకుని, రోజూ ఒకే వేళకు, అన్నం తిన్నాకో పడుకునే ముందో, అలవాటు చేసుకోండి. తెల్ల మాత్ర ఒకటి మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది మామూలు వేళకే వేసుకోండి. వరుసగా రెండు, అంతకన్నా ఎక్కువ మరిస్తే ఒకటి వెంటనే వేసుకుని, రోజువారీ మాత్రలు కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. మూడో వారంలో అలా జరిగితే తెల్లవి అయ్యాక ఐరన్ మాత్రలు వదిలేసి కొత్త ప్యాకెట్ మొదలుపెట్టండి. మొదటి వారంలో మరిచి, కలిసి ఉంటే 72 గంటల్లోపు అత్యవసర మాత్ర కోసం అడగండి. మాత్రలు సరిగ్గా వాడినా గర్భం రాదన్న హామీ నూటికి నూరు కాదు గానీ, విఫలమవడం చాలా అరుదు. మరిచేకొద్దీ ఆ రక్షణ తగ్గిపోతుంది.

మొదటి రెండు మూడు నెలలు వికారం, మధ్యలో కొద్దిగా రక్తపు మరకలు ఉండొచ్చు, సర్దుకుంటాయి. కానీ పిక్కలో వాపుతో నొప్పి, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, చూపు హఠాత్తుగా మసకబారడం లాంటివి వస్తే మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇవి మీకు సరిపడవని డాక్టరు చెబితే, ‘ఛాయ’ మాత్ర గురించి అడగండి. అందులో హార్మోన్లు ఉండవు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి చాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.